గోదావరి డెల్టాలో పొడుగు కాళ్ల తీరపక్షులు: మేత చూసి పోల్చుకునే పద్ధతి

నవంబరు నెలలో కోరంగి వైపు వెళ్లి, బురద మేటల మీద వాలిన వలస పక్షులను మొదటిసారి చూసినవాళ్లు సాధారణంగా అనే మాట ఒకటే: "అన్నీ ఒకేలా ఉన్నాయి." అందులో తప్పేమీ లేదు. సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి వచ్చే ఈ పక్షుల్లో చాలా రకాలు అక్కడ గుడ్లు పెట్టే కాలంలో ఇటుక రంగులోనో నలుపులోనో మెరిసిపోతుంటాయి. చలికాలం మన దగ్గర గడిపేటప్పుడు ఆ ముస్తాబంతా తీసేసి బూడిద రంగు, మట్టి రంగు ఈకల్లో తిరుగుతాయి. పుస్తకం తెరిచి రంగును బట్టి బొమ్మ వెతకడం మొదలుపెడితే పొద్దు గుంకిపోతుంది గానీ పేరు తేలదు.

అందుకే ఇక్కడ రంగును వెనక్కి నెట్టి, మేతను ముందుకు తెస్తున్నాను. కాళ్ల పొడవును బట్టి పక్షి ఎంత లోతు నీళ్లలో దిగుతుందో, ముక్కు పొడవును బట్టి ఎంత లోతు బురదలో వెతుకుతుందో తేలిపోతుంది. ఏ ఈకలు తొడుక్కున్నా ఈ రెండూ మారవు. రెండు నిమిషాలు ఓపికగా ఒక్క పక్షినే చూస్తే, అది ఏ గుంపుకు చెందిందో అది తినే తీరే చెప్పేస్తుంది. పేర్ల విషయంలో మాత్రం పక్షులు చూసేవాళ్లు రోజూ వాడే ఇంగ్లిషు పేర్లనే తెలుగు లిపిలో రాస్తున్నాను. ఊళ్లలో వీటిలో చాలావాటిని కలిపి ఉల్లంకి పిట్టలు అనేస్తారు.

మొదటి అడుగు: గోడ మీద క్యాలెండరు చూడండి

బైనాక్యులర్ల కంటే ముందు మీకు కావాల్సింది తిథి. తీరపక్షి దినచర్యను నడిపేది సూర్యుడు కాదు, సముద్రపు ఆటుపోట్లు. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకూ దాని వెంట వచ్చే ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటల ఎడం. మర్నాడు అదే పోటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి దరిదాపుల్లో తేడా తక్కువ.

బాగా ఆటు ఉన్నప్పుడు వెళితే మేటలు కనుచూపు మేర బయటపడి ఉంటాయి. పక్షులు వాటి మీద చెల్లాచెదురై, మీ కంటికి చుక్కల్లా మిగులుతాయి. పూర్తి పోటు మీద వెళితే అవి ఇసుక దిబ్బల మీదో, చెరువు గట్ల మీదో గుంపుగా చేరి ముక్కు వీపులో దూర్చుకుని నిద్రపోతుంటాయి. లెక్క పెట్టడానికి అది మంచి సమయమే కానీ, మేత చూడటానికి పనికిరాదు. మేత చూడాలనుకునేవాళ్లకు మంచి సమయం పోటు ఎక్కుతున్న చివరి రెండు గంటలు. నీళ్లు పైకి వచ్చేకొద్దీ తినే చోటు కుదించుకుపోతుంది, పక్షులు మీ వైపు జరుగుతూ వస్తాయి, కడుపు నింపుకోవాలన్న తొందర కూడా అప్పుడే ఎక్కువ. పోటు దిగడం మొదలైన తొలి గంట కూడా బాగుంటుంది. అప్పుడే బయటపడిన తడి బురదలో పురుగులు పైపైనే ఉంటాయి. బురద ఆరేకొద్దీ అవి లోతుకు పోతాయి. చాలా పక్షులు నీటి అంచును పట్టుకుని ముందుకూ వెనక్కూ నడవడానికి కారణం ఇదే.

కాకినాడ రేవు పోటు సమయాలు ఫోనులో దొరుకుతాయి. అంతకన్నా నమ్మకమైన మాట కావాలంటే ముందు రోజు సాయంత్రం ఒక పడవ సరంగును అడగండి. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఒక సమయమైతే, పాయల లోపలికి పోటు చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. ఆ తేడా ఆయనకు తెలిసినంత బాగా ఏ పట్టికకూ తెలియదు.

నెలల విషయానికి వస్తే, ఆగస్టు నుంచే రాక మొదలవుతుంది. డిసెంబరు, జనవరి నిండు కాలం. మార్చి, ఏప్రిల్‌లలో తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతూ కొన్ని మళ్లీ రంగులు ఎక్కించుకుంటాయి. ఎండాకాలంలోనూ కొన్ని ఉల్లంకులు ఇక్కడే కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. కర్లూ, విమ్‌బ్రెల్, గాడ్‌విట్ లాంటి పొడుగు ముక్కు పెద్ద ఉల్లంకుల్లో ఏడాది పిల్లలు తొలి వేసవి ఉత్తరానికి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోతుంటాయి.

రెండో అడుగు: ఎక్కడ నిలబడాలి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలి, మళ్లీ పాయలుగా విడిపోయి సముద్రంలో కలుస్తుంది. తీరపక్షులకు ఈ డెల్టాలో మూడు రకాల చోట్లున్నాయి. మూడింటిలో పక్షులు వేరు, మేతా వేరు.

మొదటిది కాకినాడ అఖాతం, దాన్ని ఆనుకున్న కోరంగి మడ అడవులు. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అఖాతానికి తూర్పున పొడుగ్గా సాగిన ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. ఇది బంగాళాఖాతం అలలను అడ్డుకోవడం వల్లే లోపల నీరు నిలకడగా ఉండి, గోదావరి తెచ్చే ఒండ్రు మెత్తని మేటలుగా పేరుకుంటుంది. కర్లూలు, గాడ్‌విట్లు, రెడ్‌షాంకులు ఎక్కువగా చూడాలంటే ఇక్కడికే రావాలి. వెలుతురు సంగతి మరిచిపోకండి: అఖాతానికి పడమటి ఒడ్డున, అంటే చొల్లంగి వైపు నిలబడితే పొద్దున సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు, పక్షులన్నీ నల్లటి నీడలే. ఆ ఒడ్డుకు సాయంత్రం వెళ్లండి. పొద్దున వెళ్లేట్టయితే అటవీ శాఖ అనుమతితో పడవ మీద తూర్పు వైపుకు చేరి, పడమరకు తిరిగి చూడండి.

రెండోది నదుల మొగలు: వశిష్ఠ కలిసే అంతర్వేది, వైనతేయ కలిసే ఓడలరేవు, గౌతమి వైపు యానాం, భైరవపాలెం పరిసరాలు. ఇసుక ఎక్కువ, బురద తక్కువ.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది దాన్నే: వరి చేలు, చేపల చెరువులు. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పుల ముందు డిసెంబరు, జనవరి నెలల్లో చేలో నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు. ట్రాక్టరు వెనకే తెల్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, వాటి మధ్య స్టిల్టులు, ఉడ్ శాండ్‌పైపర్లు చేరతాయి. చక్రాలు తిరగేసిన మట్టిలో పురుగులు, నత్తలు పైకి తేలుతుంటాయి కదా. చేపలు పట్టేశాక చెరువు ఎండగట్టినప్పుడు మిగిలే అడుగంటు నీళ్లు కూడా ఇంతే. రోడ్డు పక్కనే నిలబడి, చెప్పులు కూడా తడవకుండా, ఇరవై ముప్పై గజాల దూరంలో కావాల్సినంత సేపు చూడొచ్చు. అఖాతంలో కళ్లు చికిలించుకుని నేర్చుకునే దానికన్నా కోనసీమలో ఒక చెరువు గట్టు మీద నేర్చుకోవడం తేలిక.

ఒక హెచ్చరిక. మేట గట్టిగా కనిపించినా దాని మీద నడవకండి. మోకాలి లోతు బురదలో కాలు ఇరుక్కున్నాక పోటు తిరిగితే అది ఆట కాదు. గట్టు, కాలిబాట, పడవ: ఈ మూడింటి మీద నుంచే చూడండి.

సామాను గురించి ఒక్క మాట చాలు. 8×42 బైనాక్యులర్లు, టోపీ, చిన్న నోటు పుస్తకం. అఖాతానికి వెళ్లేటప్పుడు ఎవరిదైనా స్పాటింగ్ స్కోపు (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) దొరికితే అదృష్టమే.

మూడో అడుగు: కొంగలను పక్కన పెట్టండి

పొడుగు కాళ్లున్నదల్లా తీరపక్షి కాదు. కొంగలు, కంకణాలు (ఐబిస్ పక్షులు), తెడ్డుమూతి కొంగలు వేరే కుటుంబాలవి. తెల్ల కొంగ మెడను వంకర తిప్పి ఉంచుతుంది, ఎగిరేటప్పుడు దాన్ని భుజాల్లోకి ముడుచుకుంటుంది. ముక్కు బరువుగా, కోసుగా ఉంటుంది. గుచ్చి తడమడం దాని పని కాదు. కాచుకుని ఒక్క పొడుపు పొడుస్తుంది. చిన్న తెల్ల కొంగ మాత్రం పసుప్పచ్చని పాదంతో అడుగున కదిపి, బెదిరి కదిలిన చేపను పట్టుకుంటుంది. కంకణాల ముక్కు కూడా కిందికి వంగే ఉంటుంది కాబట్టి కర్లూతో పొరపడే అవకాశం ఉంది. ఒంటి మీద చారలు, మచ్చలు ఉండి మట్టి రంగులో ఉంటే కర్లూ. తెల్లగానో నల్లగానో ఉండి, మెడ లావుగా కనిపిస్తే కంకణం.

తీరపక్షుల్లోనే పొట్టి ముక్కువి కూడా ఉన్నాయి. తీతువు పిట్ట, దాని బంధువులైన ప్లవర్లు. వీటి నడక చూస్తే చాలు: నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, తల వంచి ఒక్కసారి ఏరుకుని, మళ్లీ పరుగు. పెద్ద కళ్లతో చూసి పట్టే పక్షులివి, బురదలోపల వెతకవు. వీటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

నాలుగో అడుగు: కాలును, ముక్కును తలతో కొలవండి

దూరం నుంచి సెంటీమీటర్లు తెలియవు. కాబట్టి తల పొడవునే కొలబద్దగా పెట్టుకోండి. ముక్కు తలంత ఉందా, తలకు ఒకటిన్నర రెట్లా, రెండు రెట్లా, మూడా? రెడ్‌షాంక్ ముక్కు తల కన్నా కాస్త పొడుగు, అంతే. గ్రీన్‌షాంక్‌ది ఇంకొంచెం ఎక్కువ. గాడ్‌విట్‌ది రెండు రెట్లు దాటుతుంది. బాగా ఎదిగిన ఆడ కర్లూది మూడు రెట్ల దాకా పోతుంది. సెంటీమీటర్లలో చెప్పాలంటే 15 దాటుతుంది. గాడ్‌విట్‌లలోనూ కర్లూల్లోనూ ఆడపక్షికే పెద్ద ముక్కు. ఒకే గుంపులో చిన్న ముక్కు, పెద్ద ముక్కు కనిపించగానే రెండు జాతులని రాసేసుకోకండి.

తర్వాత వంపు. పైకి వంగిందా, కిందికి వంగిందా, తిన్నగా ఉందా? పక్షి పక్కకు తిరిగి నిలబడినప్పుడే నిర్ణయించండి.

కాలి విషయంలో ఒక కిటుకుంది. పక్షి కాలు మధ్యలో వెనక్కి మడిచే కీలును మనం మోకాలు అనుకుంటాం. అది నిజానికి మడమ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. ఆ కీలుకు పైన ఎంత కాలు బయటికి కనిపిస్తుందన్నది గుర్తింపులో బాగా పనికొస్తుంది. ముందుముందు రెండు గాడ్‌విట్‌లను విడదీసేది అదే.

కాళ్ల రంగును నమ్మండి గానీ, బురదను కడిగాకే. మేట మీద తిరిగే రెడ్‌షాంక్ ఎర్రటి కాళ్లకు నల్ల బురద పట్టి ఉంటే ఎరుపు కనిపించదు. అది నీళ్లలోకి దిగి బయటికి వచ్చేదాకా ఆగండి.

ఐదో అడుగు: ఎలా తింటుందో చూడండి

ఇక అసలు పని. ఒక పక్షిని ఎంచుకుని, ఒక నిమిషం పాటు అది ఎన్నిసార్లు ముక్కు కిందికి దించిందో, ఎంత లోతు దించిందో, ఎన్ని అడుగులు వేసిందో గమనించండి. గుంపును చూడకండి. పొడుగు కాళ్ల తీరపక్షుల మేతలో నాలుగు పద్ధతులు ప్రధానం.

చూసి ఏరుకోవడం మొదటిది. దీనికి స్టిల్ట్‌ను చూడండి. పూర్తి పేరు బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్. నలుపు తెలుపు ఒళ్లు, సూదిలాంటి తిన్నని నల్ల ముక్కు, నమ్మశక్యం కానంత పొడుగు గులాబి కాళ్లు. వెనక వేలు ఉండదు, మూడు వేళ్లే. ఇతర ఉల్లంకులు దిగలేనంత లోతులో ఇది నిదానంగా నడుస్తూ, నీటి మీదా, పై పొరలోనూ కదిలే పురుగులను సుతారంగా ఏరుకుంటుంది. ముక్కును బురదలోకి దూర్చడం అరుదు. ఆ పొడుగు కాళ్లతో తడి నేల మీద తినాల్సి వస్తే ఒళ్లంతా ముందుకు వంచాలి. అందుకే దాని మనసు నీళ్ల మీదే. ఇది మన డెల్టాలోనే గుడ్లు పెట్టే పక్షి కూడా. ఎండలు ముదిరినప్పుడు పొట్ట ఈకలు నీళ్లలో ముంచుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. స్టిల్ట్ జంట మీ తల మీద తిరుగుతూ కిక్ కిక్ మని అరుస్తోందంటే, గూడు దగ్గరలో ఉందని. వెనక్కి నడవండి.

మార్ష్ శాండ్‌పైపర్‌దీ ఇదే పద్ధతి. ఒళ్లు చిన్నది, మేత మాత్రం తొందర. నీటి మీద అటొకటి ఇటొకటి ఏరుతూ చకచకా నడుస్తుంది. ఉడ్ శాండ్‌పైపర్ ఇంకా చిన్నది, గోరింక కన్నా కాస్త తక్కువే. వీపు మీద తెల్లటి చుక్కలు, పసుప్పచ్చ కాళ్లు. వరి చేలల్లో ఎక్కడ చూసినా ఇదే.

రెండోది తడిమి పట్టడం. ఇది గాడ్‌విట్, కర్లూల విద్య. పొడుగు ముక్కును మొదలంటా బురదలోకి దింపి, కొద్దిగా పైకీ కిందికీ ఆడించి, కాస్త జరిగి మళ్లీ దింపుతాయి. లోపల ఏముందో కంటికి కనిపించదు. ముక్కు కొస ఎముకలో సన్నని గుంటలుంటాయి, వాటి నిండా స్పర్శను పసిగట్టే నరాల కొసలు. పురుగు కదలికను, తడి మట్టిలో గట్టి వస్తువు వల్ల మారే ఒత్తిడిని ఇవి పట్టేస్తాయి. పట్టుకున్నాక మరో చిక్కు ఉంది: చుట్టూ బిగుసుకున్న బురదలో నోరు మొత్తం తెరవడం ఎలా? అవసరం లేదు. పై ముక్కు కొసను మాత్రమే పైకి ఎత్తగలిగే ఏర్పాటు వీటికుంది. మొదలు మూసే ఉంటుంది, కొస మాత్రం పట్టకారులా విడుతుంది. స్కోపులో చూస్తుంటే, బురద నుంచి ముక్కు పైకి వచ్చేటప్పుడు దాని కొసన పురుగు సాగుతూ, తెగకుండా ఉండేందుకు పక్షి లాగుడు సడలించి మళ్లీ లాగడం కనిపిస్తుంది. అది చూశాక గాడ్‌విట్‌ను మరిచిపోవడం కష్టం.

మూడోది వెంటాడటం. గ్రీన్‌షాంక్ దీనికి పెట్టింది పేరు. లోతు తక్కువ నీళ్లలో మెడ ముందుకు చాచి, ముక్కును నీటిలో ఆనించి, వంకరటింకరగా పరుగెడుతూ చిన్న చేపలను, రొయ్య పిల్లలను తరుముతుంది. ఒక్కోసారి నాలుగైదు పక్షులు వరసకట్టి ఒకే దిక్కుకు తరుముతాయి. ఎండగట్టిన చెరువులో ఈ దృశ్యం తేలిగ్గా దొరుకుతుంది. ఉల్లంకి పరుగెడుతూ చేపను పట్టిందంటే ముందు గ్రీన్‌షాంక్ అని అనుమానించండి.

నాలుగోది ఊడ్చడం. ముక్కును కొద్దిగా తెరిచి, నీటిలో కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఆడిస్తూ తగిలినదాన్ని పట్టుకోవడం. ఇందులో ఆరితేరినది ఆవొసెట్. పైకి వంగిన సన్నని ముక్కు, నీలి బూడిద కాళ్లు. డెల్టాలో అరుదుగా కనిపించే అతిథి. తెడ్డుమూతి కొంగ కూడా ఇలాగే ఊడుస్తుంది. దూరం నుంచి తెల్లటి పక్షి ఊడుస్తుంటే తొందరపడి ఆవొసెట్ అనకండి, ముక్కు చివర వెడల్పుందేమో చూడండి.

ఏ పక్షీ ఒకే పద్ధతికి కట్టుబడి ఉండదు. రెడ్‌షాంక్ పగలు చూసి ఏరుకుంటుంది, చీకటి పడ్డాక తడుముతుంది. రాత్రిళ్లు కూడా ఆటు వస్తే తినాల్సిందే మరి. ఆకలికి పగలూ రాత్రీ లేదు. కాబట్టి ఒక్క పొడుపు చూసి తీర్పు ఇవ్వకుండా, ఎక్కువసార్లు చేసే పని ఏదో చూడండి.

ఇంకొక్కటి గమనించండి. ఉప్పునీటి దగ్గర తింటున్న పక్షి ఉన్నట్టుండి తల విదిలిస్తుంది, ముక్కు కొస నుంచి ఒక చుక్క రాలుతుంది. కళ్ల పైన ఉండే గ్రంథులు ఒంట్లో ఎక్కువైన ఉప్పును వడగట్టి ముక్కు రంధ్రాల గుండా బయటికి పంపుతున్నాయి. జలుబు కాదు.

ఆరో అడుగు: తికమక పెట్టే జంటలు

*కర్లూ, విమ్‌బ్రెల్.* రెండింటి ముక్కూ కిందికి వంపే. కర్లూ కాకి కన్నా స్పష్టంగా పెద్దది. తల మీద గీతలుండవు. ముక్కు మొదటి నుంచే నెమ్మదిగా వంగుతూ పోతుంది. విమ్‌బ్రెల్ దాదాపు కాకి అంత. నెత్తి మీద రెండు ముదురు పట్టీలు, వాటి మధ్య లేత గీత. ముక్కు కొంత దూరం తిన్నగా పోయి చివర్లో వంగుతుంది. మేతలోనూ తేడా ఉంది. విమ్‌బ్రెల్‌కు పీతలంటే ప్రాణం. ఒక డెక్క పెద్దదిగా ఉండే చిన్న పీతలు మడ అడవుల అంచున వేలకొద్దీ బొరియలు చేసుకుంటాయి. విమ్‌బ్రెల్ గబగబా నడిచి, బొరియ వైపు పారిపోతున్న పీతను పట్టుకుంటుంది, లేదా వంపు ముక్కును బొరియలోకే దూరుస్తుంది. ఆ వంపు బొరియ వంపుకు సరిపోవడం చూడముచ్చటగా ఉంటుంది. పట్టిన పీతను విదిలించి, కాళ్లు ఊడగొట్టి మింగుతుంది. కర్లూ కూడా పీతలు తింటుంది కానీ, మెత్తని మేట మీద నిదానంగా, ఒంటరిగా, లోతుగా గుచ్చుతూ తిరగడం దాని నైజం. పోటు వేళ మడ చెట్టు కొమ్మ మీద కూర్చున్న పెద్ద ఉల్లంకి కనిపిస్తే, అది చాలావరకు విమ్‌బ్రెలే.

*బ్లాక్ టెయిల్డ్, బార్ టెయిల్డ్ గాడ్‌విట్లు.* ఎక్కువమంది చేతులెత్తేసే జంట ఇదే. ఎగిరితే సమస్యే లేదు: బ్లాక్ టెయిల్డ్‌కు రెక్క మీద వెడల్పాటి తెల్ల పట్టీ, తోకకు నల్ల అంచు, బార్ టెయిల్డ్‌కు రెక్క పట్టీ లేదు, తోక మీద సన్నని అడ్డగీతలు. నిలబడి ఉన్నప్పుడు వీపు చూడండి. చలికాలంలో బ్లాక్ టెయిల్డ్ వీపు గీతలు లేకుండా బూడిద రంగులో ఉంటుంది. బార్ టెయిల్డ్‌ది గీతలు గీతలుగా, కర్లూ వీపులా కనిపిస్తుంది. ముక్కు మొదటిది తిన్నగా, రెండోది కాస్త పైకి వంగి. ఇప్పుడు మడమ కీలు పైభాగం చూడండి: బ్లాక్ టెయిల్డ్‌కు కాలు చాలా బయటికి కనిపిస్తుంది, బార్ టెయిల్డ్ కాస్త పొట్టి కాళ్లతో నేలకు దగ్గరగా ఉన్నట్టుంటుంది. ఆ తేడా మేత చోటులోనూ కనిపిస్తుంది. బ్లాక్ టెయిల్డ్ పొట్ట తడిసే లోతులో నిలబడి తల మొత్తం ముంచేస్తుంది, ఉప్పునీటి మేటలతో పాటు మంచినీటి చెరువులకు, వరి చేలకు కూడా వస్తుంది, రాలిన వడ్లు కూడా తింటుంది. బార్ టెయిల్డ్‌కు సముద్రపు ఉప్పు గాలే కావాలి. ఇసుక కలిసిన మేటల మీద నీటి అంచు వెంట నడుస్తుంది. వరి చేలో గాడ్‌విట్ కనిపిస్తే సగం సమాధానం దొరికినట్టే.

బార్ టెయిల్డ్ గురించి చెప్పకుండా ఉండలేని సంగతొకటి: ఈ జాతికే చెందిన అయిదు నెలల పిల్ల ఒకటి 2022లో అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. మన దగ్గరికి వచ్చేవి వేరే దారుల్లో వచ్చే వేరే గుంపులు. అయినా మేట మీద అది పురుగు కోసం ఎందుకంత ఆత్రపడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఏ సుదూర ప్రయాణానికైనా ఇంధనం ఒంట్లో పేరుకున్న కొవ్వే.

*గ్రీన్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్.* రెండూ లేత బూడిద రంగు, తెల్ల పొట్ట, ఆకుపచ్చ ఛాయ కాళ్లు. గ్రీన్‌షాంక్ పావురమంత పొడవు, ముక్కు మొదట్లో లావుగా ఉండి కాస్త పైకి వంగుతుంది. మార్ష్ చాలా చిన్నది, ముక్కు తిన్నగా, సన్నగా. ఒంటితో పోలిస్తే కాళ్లు మరీ పొడుగు. చేపను తరిమితే మొదటిది, పురుగులు ఏరితే రెండోది.

*రెడ్‌షాంక్, స్పాటెడ్ రెడ్‌షాంక్.* రెండింటికీ ఎర్ర కాళ్లే. స్పాటెడ్ ముక్కు మరింత పొడుగు, సన్నం. ఎరుపు కింది ముక్కు మొదట్లో మాత్రమే. ఎగిరినప్పుడు రెక్కల వెనక అంచున తెల్లటి వెడల్పు పట్టీ కనిపిస్తే మామూలు రెడ్‌షాంక్. లోతు నీళ్లలో ఈదుతూ, బాతులా తోక పైకెత్తి తల ముంచుతున్న ఎర్ర కాళ్ల పక్షి కనిపిస్తే స్పాటెడ్.

ఏడో అడుగు: చెవులకూ పని చెప్పండి

గ్రీన్‌షాంక్ ఎగురుతూ ఒకే ఎత్తులో మూడుసార్లు ట్యూ ట్యూ ట్యూ అంటుంది. రెడ్‌షాంక్ మొదటి స్వరం పొడుగ్గా తీసి తర్వాతవి జార్చేస్తుంది. మేట మీద ముందుగా ప్రమాదాన్ని పసిగట్టి అందరినీ లేపేది కూడా ఇదే కాబట్టి, పక్షులు చూసేవాళ్లకు దీని మీద కాస్త కోపం. విమ్‌బ్రెల్ ఒకే స్థాయిలో ఏడు ఈలలు వరసగా వేస్తుంది. కర్లూ స్వరం కిందినుంచి పైకి లేస్తుంది. మడ అడవుల పాయలో పడవ ఇంజను ఆపించి అయిదు నిమిషాలు ఊరకే కూర్చుంటే, కంటికి కనిపించని పక్షులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఎనిమిదో అడుగు: దూరం, రాత

తింటున్న పక్షులు తలలెత్తి మీ వైపు చూశాయంటే మీరు ఇప్పటికే దగ్గరయ్యారు. అక్కడే ఆగండి. ఫొటో కోసం గుంపును లేపడం, డ్రోన్ ఎగరేయడం చేయకండి. పోటు వేళ నిద్రపోతున్న గుంపును పదేపదే లేపితే తిన్నదంతా ఎగరడానికే ఖర్చవుతుంది. కర్లూ, రెండు గాడ్‌విట్లు ఇప్పటికే ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న జాతుల జాబితాలో ఉన్నాయి. ఉల్లంకుల కోసం వలలు పన్నినట్టు కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటి వేట నేరం.

నోటు పుస్తకంలో పేరు కన్నా ముందు ఇవి రాయండి: తేదీ, సమయం, పోటు ఎక్కుతోందా దిగుతోందా, నీళ్లు పక్షి కాలికి ఎంతవరకు వచ్చాయి, ముక్కు తలకు ఎన్ని రెట్లు, వంపు ఎటు, మేత నాలుగు పద్ధతుల్లో ఏది, ఏం తింది. పక్కనే పెన్సిలుతో ఒక బొమ్మ. అందంగా రానక్కర్లేదు, ముక్కు వంపు సరిగ్గా వస్తే చాలు. ఫొటో తీస్తే పక్క నుంచి ఒకటి, రెక్కలు విప్పినప్పుడు ఒకటి.

మీ లెక్కలను ఈబర్డ్‌లో (పక్షుల నమోదుల వెబ్‌సైటు) నమోదు చేయొచ్చు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల గణన జరుగుతోంది. కోరంగి వైపు అందులో పాల్గొనేవాళ్లతో కలిసి ఒక పూట తిరిగితే స్కోపులో చూసే అవకాశం కూడా దొరుకుతుంది. ఎండలో మసకగా కనిపించిన పక్షి గాడ్‌విటే గానీ ఏ గాడ్‌విటో తేలకపోతే, నమోదులో "గాడ్‌విట్, జాతి తెలియదు" అని రాసి వదిలేయండి. ఊహించి రాసిన పేరు కన్నా ఆ నమోదే లెక్క చూసేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.